ప్రామాణిక రోకలి

మా లంకలపూడిలో శాస్త్రానికీ మతానికీ ఎన్నడూ తగాదా లేదు. తగాదా లేదన్న సంగతి పైవాళ్ల చెవిన పడేదాకా మేం సుఖంగానే ఉన్నాం.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. శివాలయం అర్చకులు అగ్నిహోత్రుడు గారు చదరంగంలో నాకు ప్రత్యర్థి. ఆయనింట్లో టీవీ మొరాయిస్తే నన్ను పిలుస్తారు. మా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మా అమ్మ సీతారత్నం ఆయన దగ్గర విభూతీ, డాక్టరు దగ్గర మాత్రలూ రెండూ తెస్తుంది. ఏది పనిచేసిందో ఆవిడ ఏనాడూ ఆరా తియ్యలేదు. జ్వరం తగ్గిందా లేదా అన్నదొక్కటే ఆవిడకు కావాలి. ఊరంతా ఇంచుమించు ఇదే పద్ధతిలో నడిచేది.

ఇలా ఉండగా రాజధానిలో ఎవరో పెద్దమనిషి, శాస్త్రమూ మతమూ ఒకదానితో ఒకటి పొసగక దేశం వెనకబడిపోతోందని ఒక సభలో కన్నీళ్లు పెట్టుకున్నాడట. ఆ కన్నీళ్లు ఆరేలోపల 'విజ్ఞాన ధర్మ సమన్వయ మండలి' పుట్టింది. పుట్టిన మండలికి ఊరూరా ఒక ఆఫీసూ, ఆఫీసుకో అధికారీ, అధికారికో జీపూ వచ్చాయి. మాకు దక్కిన సమన్వయాధికారి పరాంకుశం గారు. నుదుట నిలువు నామం, చొక్కా జేబులో కాలిక్యులేటరు. ఏ మాట అనాలన్నా ముందు నామం తడుముకుని, తర్వాత కాలిక్యులేటరు తడుముకుని, ఆ తర్వాత అనేవారు.

ఛార్జి తీసుకున్న రోజునే అగ్నిహోత్రుడు గారినీ నన్నూ పిలిపించారు. అగ్నిహోత్రుడు గారిని ధర్మ సాక్షిగానూ, నన్ను శాస్త్ర సాక్షిగానూ నియమించినట్టు చెప్పి, "మీ ఇరువురి నడుమ అపరిష్కృతంగా ఉన్న వివాదములు ఏవేవో తక్షణం నివేదించండి" అన్నారు.

అగ్నిహోత్రుడు గారు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు.

"మొన్న ఆదివారం ఈయన నా ఏనుగుని అన్యాయంగా చంపేశాడండీ. అంతకు మించి మా మధ్య ఏవీ లేదు" అన్నారు అగ్నిహోత్రుడు గారు.

పరాంకుశం గారు చాలా నొచ్చుకున్నారు. "వివాదం లేనిచోట సమన్వయం ఎలా చేస్తారండీ? మండలికి నిధులు మంజూరైంది సమన్వయం నిమిత్తం. కావున మీరు సత్వరమే విభేదించవలసిందిగా కోరడమైనది."

వరండాలో కూర్చుని చాలాసేపు ప్రయత్నించాం. ఆయన దేవుడున్నాడన్నారు. నాకు తెలీదన్నాను. "నాకు మాత్రం తెలుసా ఏవిటి, మీకు తెలిసినప్పుడు నాక్కూడా కాస్త చెప్పండి" అని ఆయన నవ్వేశారు. వివాదం అక్కడే చచ్చిపోయింది. లోపలికి వెళ్లి మావల్ల కాలేదని చెప్పేశాం.

చివరికి ఆ భారం కూడా పరాంకుశం గారే మోశారు. గోడమీది క్యాలెండరు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి కుర్చీలోంచి లేచారు. వచ్చే అమావాస్యకు సూర్యగ్రహణం. గ్రహణమంటే రాహువని ఒకరూ నీడని ఒకరూ కొట్టుకు చావాల్సిన సందర్భం. ఇంతకన్నా మంచి వివాదం ఎక్కడ దొరుకుతుంది?

"శాస్త్రం ప్రకారం విడుపు ఎప్పుడు?" అని నన్నడిగారు. చెప్పాను.

"ధర్మం ప్రకారం?"

అగ్నిహోత్రుడు గారు పంచాంగం తీసి, కళ్లజోడు పెట్టుకుని, సరిగ్గా అదే సమయం చదివారు. పరాంకుశం గారి మొహం వాడిపోయింది.

"కాస్తయినా తేడా రాదా?"

"ఎందుకొస్తుందండీ? పంచాంగవూ లెక్కే కదండీ. మా తాతల నాటినించీ సూర్యుడు మాకేం వేరేగా తిరగట్లేదు."

మండలి అధికారి అంత తేలిగ్గా ఓడిపోయే ఘటం కాదు. రెండు రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చారు. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబుతున్నారంటే కూడబలుక్కున్నారన్నమాట. కనుక ఇద్దరికీ చెందని మూడో సాక్షి ఒకరుండాలి. ఆ సాక్షి రోకలి.

మా వైపు ఒక ముచ్చట ఉంది. గ్రహణం పట్టినప్పుడు ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలిని నిటారుగా పెడితే దానంతటది నిలబడుతుందనీ, విడవగానే పడిపోతుందనీ అంటారు. పిల్లలూ పెద్దలూ చుట్టూ మూగి చూస్తారు. ఆకలి తెలియకుండా కాలక్షేపం అవుతుంది. రోకలి అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుందని పరాంకుశం గారికి నేను విన్నవించాను.

ఆయన ఉప్పొంగిపోయారు. "అనగా శాస్త్రప్రకారమూ నిలబడుతుంది! ధర్మప్రకారమూ నిలబడుతుంది! ఇదే కదండీ సమన్వయం! ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ ఈ మాట?"

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. గ్రహణం విడిచిందీ లేనిదీ ఇకమీదట సూర్యుణ్ణి బట్టి గాక, ప్రామాణిక రోకలిని బట్టి నిర్ణయించబడుతుంది. రోకలి పడేవరకు హోటళ్లలో పొయ్యిలు వెలిగించరాదు, బడులు తెరవరాదు, గుడి తలుపులు తీయరాదు, ఆసుపత్రిలో కత్తి పట్టరాదు. రోకలి పడిన వెంటనే మునిసిపల్ సైరను మోగించబడుతుంది. అధికారులు గానీ సాక్షులు గానీ రోకలిని తాకడం ఇటు సాక్ష్యాన్ని చెరపడమూ అటు అపచారమూ కాబట్టి రెండు చట్టాల కింద శిక్షార్హం. చర్చి పాస్టరు గారూ మసీదు ఇమాం గారూ వచ్చి ఇది తమకు కూడా వర్తిస్తుందా అని మర్యాదగా అడిగారు. "మీ గ్రహణాలు వచ్చినప్పుడు మీకూ తగు ప్రాతినిధ్యం కల్పించబడుతుంది" అని పరాంకుశం గారు అంతకన్నా మర్యాదగా చెప్పి పంపించారు.

మునిసిపల్ ఆఫీసు ముందు మైదానంలో పందిరి వేసి రిహార్సలు జరిపారు. రోకలి అగ్నిహోత్రుడు గారి నాయనమ్మది. మూడు తరాలు మినుములూ కారాలూ దంచి అడుగు ఒక పక్కకి అరిగిపోయింది. మండలి ఛైర్మను గారు దానికి దండ వేస్తుండగానే వెళ్లి ఆయన కాలిమీద పడింది. ఆయన కుంటుకుంటూ కారెక్కుతూ, "అసలు రోజున మంత్రిగారొస్తారు. పడిందో, నువ్వూ పడతావు" అని పరాంకుశం గారితో అన్నారు.

ఆ సాయంత్రమే లేత్ వర్క్‌షాపు సత్తిబాబుకి పిలుపొచ్చింది.

"ఎలాగుండాలండి ఇంతకీ? నిలబడాలాండి, పడకూడదాండి?" అని అడిగాడు సత్తిబాబు.

"రెంటికీ తేడా ఏమున్నది?"

"ఆయ్, రేటు తేడా అండి."

"పడకూడదు" అన్నారు పరాంకుశం గారు.

"అయితే పడదండి" అన్నాడు సత్తిబాబు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. పైన తేలిక కర్రని బోలుగా తొలిచి, కింద గుండ్రంగా సీసపు దిమ్మ పోసి, పైకి చక్కగా వార్నిషు కొట్టి తెచ్చాడు. తిరనాళ్లలో అమ్ముతారే, ఎటు తోసినా లేచి కూర్చునే బొమ్మ, అచ్చం అలాంటి రోకలి.

దాన్ని చూడగానే నాకు భయం వేసింది. "ఇది నిలబడుతుంది సరేనండీ. గ్రహణం విడిచాక ఎలా పడుతుంది?" అన్నాను.

పరాంకుశం గారు నామం తడుముకున్నారు. కాలిక్యులేటరు తడుముకున్నారు. "నిలబెట్టుట మన బాధ్యత. పడుట దైవాధీనం. ఫైల్లో కూడా అలాగే రాసి ఉంది" అన్నారు.

నా భయం రోకలి గురించి కాదు. పెళ్లయిన ఏడేళ్లకు నా భార్య హైమకు నెలలు నిండాయి. డాక్టరు చెప్పిన గడువు ఇంకా ఉంది గానీ, కాన్పులు గడువులు చూసుకుని రావు కదా. ఆసుపత్రిలో కత్తి పట్టరాదన్న వాక్యం చదివినప్పటినుంచీ నాకు కంటిమీద కునుకు లేదు.

ఇంట్లో మాత్రం సమన్వయం అయిదు నిమిషాల్లో అయిపోయింది. గ్రహణం పూట కడుపుతో ఉన్న మనిషి చీకటిగదిలో కదలకుండా ఉండాలని అమ్మ. తను లెక్కల టీచరుననీ గ్రహణం చూసి తీరాలనీ హైమ. ఇద్దరూ నా వైపు చూశారు. నేను మేకూ సుత్తీ తెచ్చి చీకటిగది కిటికీ చెక్కకి చిన్న కన్నం పొడిచాను. అందులోంచి ఎండ లోపలికొచ్చి నేలమీద పరిచిన తెల్ల పంచె మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా పడింది.

"ఇదేంట్రా?" అంది అమ్మ.

"సూర్యుడేనమ్మా. గ్రహణం పడితే ఇక్కడే నెలవంకలా తరుగుతాడు. విడిస్తే మళ్లీ నిండుతాడు."

అమ్మ వంగి, ఆ వెలుగుబిళ్ల చుట్టూ ఒకసారి తిరిగింది. "పిల్ల మీద పడదు కదా?"

"పడదు. నేలమీదే."

"అయితే ఇంకేం. కూచోవే అమ్మాయ్, కూచునే చూడు. వెల్లకిలా పడుకోకు, గోళ్లు కొరక్కు." అని, ఆ పంచె మీది సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, ఊరగాయ జాడీల మీద దర్భలు వెయ్యడానికి వెళ్లిపోయింది. చీకటిగది లేకపోతే ఆ సూర్యుడు కనపడడు. కన్నం లేకపోతే హైమ ఆ గదిలో ఉండదు. దీనికోసం మా ఇంట్లో ఎవరూ మండలి పెట్టలేదు.

గ్రహణం రోజు పొద్దున్నే మైదానం తిరనాళ్లలా ఉంది. పందిరి కింద గంగాళమంత ఇత్తడి పళ్లెం, నీళ్లు, మధ్యలో వార్నిషు రోకలి, చుట్టూ తాడు. తాడుకి ఒక పక్క నేనూ నా టెలిస్కోపూ. రెండో పక్క అగ్నిహోత్రుడు గారూ ఆయన పంచాంగమూ. మంత్రిగారు వచ్చి, రోకలి నిలబడి ఉండటం కళ్లారా చూసి, "మన పూర్వీకులకు ఇవన్నీ తెలుసు" అని ముక్తసరిగా చెప్పి, గ్రహణం పట్టక ముందే టిఫిను చెయ్యాలి గనక పొరుగూరు వెళ్లిపోయారు.

లెక్క ప్రకారం గ్రహణం పట్టింది. కాసేపటికి హైమ ఫోను చేసింది. "మీ అమ్మగారు పంచె పక్కనుంచి లేవడం లేదండీ. సూర్యుడు మూడోవంతు అయిపోయాడు, నువ్వు లెక్కలు చెబుతావు కదా, ఇంకా ఎంత మిగిలాడో చెప్పవే అని నన్ను చంపుతున్నారు" అని నవ్వింది. నాకు ప్రాణం కాస్త కుదుటపడింది.

లెక్క ప్రకారమే గ్రహణం విడిచింది. టెలిస్కోపు కింద తెరమీద సూర్యుడు కళకళలాడుతూ నిండుగా ఉన్నాడు. "విడిచింది" అన్నాను. అటునుంచి అగ్నిహోత్రుడు గారు పంచాంగం మూసి, "విడిచింది" అన్నారు. ఇద్దరం ఒక్కసారే రోకలి వైపు చూశాం.

రోకలి నిలబడే ఉంది.

జనం కాసేపు ఓపిక పట్టారు. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టని ముసలివాళ్లు పందిరి నీడకి జరిగారు. హోటలు సూర్రావు ఒక చేత్తో అగ్గిపెట్టె పట్టుకుని రోకలి వైపే గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఎండ మాడు పగలగొడుతోంది.

"అయ్యా, గ్రహణం విడిచింది. పైకి చూడండి" అన్నాను.

పరాంకుశం గారు పైకి చూడలేదు. "సూర్యుడు ఏమి చేయుచున్నాడనేది మీ అభిప్రాయం. రోకలి ఏమి చేయుచున్నదనేది ఆధారం."

"పంచాంగం కూడా అదే అంటోంది కదండీ" అన్నారు అగ్నిహోత్రుడు గారు.

"అందుకే అనుమానం. ఇద్దరూ మళ్లీ ఏకమయ్యారు." అని ఆయన ఏదో రాసుకున్నారు.

అప్పుడు నా ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి డాక్టర్ మేరీ సునంద. హైమకు నొప్పులు మొదలైతే అమ్మ ఆటోలో తీసుకొచ్చిందట. "బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది మేస్టారూ. వెంటనే ఆపరేషను చెయ్యాలి. థియేటరు తాళం సూపరింటెండెంటు దగ్గరుంది. సైరను మోగందే ఇస్తే తన ఉద్యోగం పోతుందంటున్నాడు. గునపం తెమ్మని మనిషిని పంపాను. ఇనప తలుపు, ఎంతసేపు పడుతుందో తెలీదు. మీ రోకలి సంగతేదో మీరు చూడండి, బాబూ."

పరాంకుశం గారి దగ్గరికి పరుగెత్తి రెండు చేతులూ పట్టుకున్నాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఏడ్చినట్టు గుర్తుంది.

ఆయనకూ బాధ కలిగింది. అది అబద్ధం కాదు. కళ్లు తుడుచుకుని మరీ చెప్పారు. "మీ ఆవేదనను సానుభూతితో పరిశీలించడమైనది. కానీ గ్రహణం కొనసాగుతుండగా జన్మించిన శిశువుకు ధర్మప్రకారం దోషం వస్తే శాస్త్రం బాధ్యత వహిస్తుందా? శాస్త్రప్రకారం ఏమైనా జరిగితే ధర్మం బాధ్యత వహిస్తుందా? ఉభయులూ రాతపూర్వకంగా ఇస్తే మండలి తదుపరి సమావేశంలో పెడతాను."

అగ్నిహోత్రుడు గారు నా భుజం మీద చెయ్యేసి పక్కకి లాగారు. ఇంకేం మాట్లాడకుండా కలశం తీసుకుని, గట్టిగా మంత్రం అందుకుని, తాడు దాటారు. రోకలికి అభిషేకం చేస్తున్నట్టు నీళ్లు పోస్తూ మోచేత్తో ఒక్క పోటు పొడిచారు. రోకలి పక్కకి ఒరిగింది. రోకలి ఒకసారి అటూ ఇటూ ఊగి, నిటారుగా నిలబడింది.

మైదానమంతా "హరహర మహాదేవ!" అని హోరెత్తింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు.

ఇక నాకు చట్టమూ లేదు, సిగ్గూ లేదు. నేనూ తాడు దాటి రోకలిని కాలితో తన్నాను. పడుకుంది, లేచింది. మళ్లీ తన్నాను. మళ్లీ లేచింది. రెండు చేతులతో పళ్లెంలోకి నొక్కి వదిలాను. నీళ్లు నా మొహాన చిమ్ముకుంటూ లేచింది. మహిమ అని జనం, సీసం అని సత్తిబాబు. ఆ గోలలో సత్తిబాబు మాట ఎవరికీ వినపడలేదు.

పరాంకుశం గారు మైకందుకున్నారు. "శాస్త్ర సాక్షి గారు రోకలిని మూడు పర్యాయాలు స్వయంగా పరీక్షించారు! ధర్మ సాక్షి గారు ముందే ధ్రువీకరించారు! గ్రహణం నిస్సందేహంగా కొనసాగుతున్నది!" అన్నారు. తాకినందుకు మా ఇద్దరిమీదా కేసు పెట్టాల్సిన మనిషి, ఆ ఆనందంలో ఆ సంగతే మరిచిపోయారు.

నేను పళ్లెం పక్కన కూలబడిపోయాను. నేను చదివిన ఫిజిక్సంతా కలిపి ఒక దుడ్డుకర్రను పడుకోబెట్టలేకపోయింది. అవతల నా బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో తెలీదు.

అప్పుడొచ్చింది మా అమ్మ. ఆటో ఇంకా ఆగకముందే దిగింది. విడుపు స్నానం చేసిన తడి జుట్టు ముడి కూడా వేసుకోలేదు. జనాన్ని తోసుకుంటూ వచ్చి తాడు ఎత్తి కిందనుంచి దూరింది.

"ఏరా, ఇదేనా అది?"

"అదేనమ్మా. పడటం లేదు. పడితే గానీ సైరను..."

ఆవిడ పూర్తిగా వినలేదు. "పంచాంగంలో విడిచింది. పంచె మీద నిండు బిళ్ల అయింది, నా కళ్లతో చూశాను. తలారా నీళ్లోసుకున్నాను. ఇంకెవరికయ్యా విడవంది?" అని పరాంకుశం గారినే అడిగింది.

"అమ్మా, తమరు సాంకేతిక విషయాల్లో..."

అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని రోకలి నడుం పట్టి పడేసింది. అది లేవబోయింది. లేవకుండా దానిమీద కూర్చుంది. పీట మీద కూర్చున్నట్టు, పళ్లెం నీళ్లలో పాదాలు పెట్టుకుని మరీ కూర్చుంది.

"పడింది. మోగించు."

పరాంకుశం గారు ఉత్తర్వు మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. అధికారులు తాకరాదని ఉంది. సాక్షులు తాకరాదని ఉంది. ముసలమ్మలు పైన కూర్చోరాదని ఎక్కడా లేదు. "ప్రజలు ఆసీనులగుట విషయమై మార్గదర్శకాలు లేవు" అని తనలో తనే గొణుక్కున్నారు.

"నాకు మోకాళ్ల నొప్పులు నాయనా. ఎక్కువసేపు కూచోలేను. అక్కడ నా కోడలు కొట్టుకుంటోంది. ఈ ముక్క మళ్లీ చెప్పించకు" అంది అమ్మ. గొంతు పెంచలేదు. రోకలి మీదనుంచి కదలనూ లేదు.

రోకలి పడుకునే ఉంది. ఏ ఆధారం కావాలన్నారో ఆ ఆధారమే కళ్లెదుట ఉంది. పరాంకుశం గారు నామం తడుముకున్నారు, కాలిక్యులేటరు జేబులో దొరకలేదు, చెయ్యి ఊపేశారు.

సైరను మోగింది. నేను ఆటోలో పడ్డాను.

వెళ్లేసరికి థియేటరు తలుపు తెరిచే ఉంది. బయట సూపరింటెండెంటు గోడకి ఆనుకుని నిలబడి, నన్ను చూసి తల దించుకున్నాడు. గునపం ఆయన కాళ్ల దగ్గరే పడి ఉంది. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఏడుపు వినపడ్డాక మాత్రం నేనూ ఏడ్చాను. ఆడపిల్ల. హైమ క్షేమం.

కాసేపటికి అమ్మ కూడా వచ్చింది. పిల్లని చేతిలోకి తీసుకుని ముందు పెదవి చూసింది. గ్రహణం మొర్రి లేదు. "బంగారం" అంది. డాక్టరు గారి రెండు చేతులూ కళ్లకద్దుకుని, కొంగున కట్టుకొచ్చిన విభూతి పిల్ల నుదుట పెట్టబోయింది.

"చేతులు కడుక్కుని పెట్టండమ్మా" అన్నారు డాక్టర్ మేరీ సునంద.

"నిజమేనమ్మా" అని అమ్మ వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కొచ్చి పెట్టింది.

మైదానంలో తర్వాతేం జరిగిందో అగ్నిహోత్రుడు గారు సాయంత్రం ఆసుపత్రికొచ్చి చెప్పారు. సైరను ఆగగానే అమ్మ లేచిందట. అమ్మతోపాటు రోకలీ లేచిందట.

పరాంకుశం గారు అక్కడికక్కడే రెండో గ్రహణం ప్రకటించారు. ఒకే పూట రెండు గ్రహణాలు, అందులో రెండోది సూర్యుడికి కూడా తెలీకుండా. ఇటువంటిది మన పట్టణానికే దక్కిన గౌరవమని ఆయన రాజధానికి రాస్తే అక్కడినుంచి అభినందనలు వచ్చాయి. సూర్రావు అప్పటికే పొయ్యి వెలిగించేశాడు. ఉప్మా ఉడికిపోతోంది. ఆకలి మీదున్న జనం రెండో గ్రహణానికి దణ్ణం పెట్టి హోటలు వైపు నడిచారు. అగ్నిహోత్రుడు గారు గుడి తలుపులు తీసి సంప్రోక్షణ చేసుకున్నారు. థియేటరు తాళంచెవి ఆ రోజునుంచీ డాక్టరు గారి కోటు జేబులో ఉంటోంది. ఎవరూ అడగలేదు.

ఇదంతా జరిగి మూడేళ్లు దాటింది. సత్తిబాబు చేసిన వస్తువు కదా, రోకలి ఇంకా పడలేదు. కాబట్టి రికార్డుల ప్రకారం లంకలపూడిలో గ్రహణం ఇంకా విడవలేదు. గ్రహణం ఉన్నన్నాళ్లూ మండలి ఉండాలి గనక దాన్ని శాశ్వతం చేశారు. రోకలికి అద్దాల గది కట్టారు, కాపలా పెట్టారు. ప్రతి పూటా నేనూ అగ్నిహోత్రుడు గారూ వెళ్లి 'నిలబడి ఉన్నది' అని సంతకం పెట్టి, పక్కగదిలో చదరంగం ఆడుకుని వస్తాం. జీతంలో సమన్వయ భత్యం కలుస్తోంది. కాదనడానికి మాకు మనసు రాలేదు. పరాంకుశం గారికి ప్రమోషను వచ్చింది. వెళ్లేముందు ఆయన ఉత్తర్వుకి ఒక సవరణ చేయించారు. ప్రజలు రోకలిపై ఆసీనులు కారాదు.

మొన్న మా అమ్మాయిని కూడా తీసుకెళ్లాను. గ్రహణంలో పుట్టి గ్రహణంలోనే పెరుగుతున్న పిల్ల. కాపలావాడు కునుకు తీస్తున్నాడు. అది అద్దాల గదిలోకి దూరి, రోకలిని చూసి, రెండు చేతులతో తోసింది. రోకలి పడుకుని లేచింది. అది పకపకా నవ్వి మళ్లీ తోసింది. ఎన్నిసార్లు తోసినా లేస్తుంటే దానికి ఆనందం పట్టడం లేదు. మెలకువ వచ్చిన కాపలావాడు నన్ను చూసి, చిన్నపిల్లే కదా సార్ అన్నాడు.

నిజమే, ఇంకా చిన్నపిల్ల. తోయడమే వచ్చింది. ఇంటికెళ్లాక నానమ్మ ఒళ్లో చేరి ఆ రోకలి సంగతంతా చెబుతుంటే, మా అమ్మ శ్రద్ధగా విని, దాని చెవిలో ఏదో చెప్పింది. అప్పట్నుంచీ నా కూతురు ఇంట్లో ఏ పీట కనపడినా దానిమీద గట్టిగా కూర్చోవడం ప్రాక్టీసు చేస్తోంది.